ధ్వాంతం గుర్తున్నవాళ్లకి థనతొస్ సంగతులు

"అంధకారోఽస్త్రియాం ధ్వాంతం తమిస్రం తిమిరం తమః."

అమరం, అంటే సంస్కృత పర్యాయపదాల్ని శ్లోకాల్లో కూర్చిన అమరకోశం, వల్లెవేసిన తరంలో కొందరు ఇంకా మన మధ్య ఉన్నారు. అర్థం తెలిసినా తెలియకపోయినా పొద్దున్నే వరసగా కూర్చోబెట్టి చెప్పించిన శ్లోకాలు అవి. ఎనభై ఏళ్లు దాటినవాళ్లకి కూడా మధ్యలో ఒక్క మాట అందిస్తే చాలు, తరవాతి పాదం దానంతటదే వచ్చేస్తుంది. పైన చెప్పింది పాతాళభోగివర్గంలోది. ముందు పాతాళం పేర్లు, తరవాత కన్నాల పేర్లు, ఆపైన చీకటి పేర్లు, చీకటి అవగానే పాములు! పిల్లల చేత సంధ్యవేళ చెప్పించే వరస కాదు గానీ చెప్పించేవారు.

ఆ చీకటి పేర్లలో ధ్వాంతం ఒకటి. ప్రబంధాల్లో సూర్యుణ్ని ధ్వాంతారి అన్నప్పుడు తప్ప దాంతో ఎవరికీ పెద్దగా పని పడదు. ఈ ధ్వాంతానికి గ్రీసులో ఒక దాయాది ఉంది. అక్కడ అది చీకటి పేరు కాదు, సాక్షాత్తు మృత్యువు పేరు. థనతొస్.

ఇంగ్లీషు పుస్తకాల మీదుగా వచ్చింది కాబట్టి మనవాళ్లు దీన్ని థానటోస్ అనీ థానాటోస్ అనీ రాస్తారు. అసలు ఉచ్చారణకి తెలుగు లిపి ఇంగ్లీషు కంటే బాగా సరిపోతుంది. మొదటి అక్షరం తీటా. ప్రాచీన ఏథెన్సులో అది అచ్చంగా మన థ, తకారానికి ఒత్తు. ఇంగ్లీషు థింక్ లో వినిపించే ఊదుడు శబ్దం తరవాతి కాలంలో వచ్చింది. దీనికి మన దేశంలోనే సాక్ష్యం ఉంది. క్రీస్తుపూర్వం 2వ శతాబ్దిలో వాయవ్యాన ఏలిన గ్రీకు రాజు అగథొక్లెస్ తన నాణేల మీద ఒకవైపు గ్రీకులోనూ రెండోవైపు బ్రాహ్మీలోనూ పేరు వేయించుకున్నాడు. తీటా ఉన్నచోట బ్రాహ్మీలో థకారమే చెక్కారు. ఇక థనతొస్ లో అచ్చులన్నీ పొట్టివే, చివర ఉన్నది హ్రస్వమైన ఒ. సంస్కృతానికి లేని ఆ పొట్టి ఒకారం తెలుగుకి ఉంది కాబట్టి మనకి ఇబ్బంది లేదు. తకారం దంత్యం, టకారం కానే కాదు. మొదటి అక్షరం మీద స్వరం పైకి లేస్తుంది, వేదంలో ఉదాత్తంలాగా. ఇంతే. థానాటోస్ అని సాగదీస్తే మూడు తప్పులు ఒకేసారి జరిగినట్టు.

ఇప్పుడు చుట్టరికం సంగతి. చచ్చిపోవడం అనే అర్థానికి, సంస్కృతానికీ గ్రీకుకీ లాటిన్‌కీ ఉమ్మడి తల్లి అయిన మూలభాషలో బాగా స్థిరపడిన ధాతువు వేరే ఉంది. సంస్కృతంలో మృ. అందులోంచే మృత్యువు, మరణం, మర్త్యుడు, అమృతం. లాటిన్‌లో మొర్స్ దాని బిడ్డే. గ్రీకులో కూడా ఆ ధాతువు లేకపోలేదు. మనిషిని కవులు బ్రొతొస్ అన్నారు, అంటే మర్త్యుడు. చావు లేనివాడు అంబ్రొతొస్, దేవతల ఆహారం అంబ్రొసియా, అంటే మన అమృతమే. పాత పాటల భాషలో ఈ మాటలు మిగిలాయి. కానీ గ్రీకులు రోజువారీ మాటల్లో ఫలానావాడు చనిపోయాడు అనాల్సి వచ్చినప్పుడు ఆ ధాతువుని పక్కన పెట్టేశారు. దాని బదులు వాళ్లు ఎత్తుకున్నది ఆరిపోవడం, కనుమరుగవడం, చీకటైపోవడం అనే భావం ఉన్న మరో ధాతువు. దాని సంస్కృత రూపం ఋగ్వేదంలో అధ్వనీత్ అని ఒక భూతకాల క్రియగా కనిపిస్తుంది. విశేషణ రూపం ధ్వాంతం.

ఇది తెలుగువాళ్లకి విడమరిచి చెప్పాల్సిన పని లేదు. మన ఇళ్లలో దీపం ఆరిపోయింది అనరు, కొండెక్కింది అంటారు, ఘనమైంది అంటారు. మనిషి విషయంలో చెప్పనే అక్కర్లేదు: పోయారు, కాలం చేశారు, కన్నుమూశారు, గతించారు, పరమపదించారు. చావు అనే అచ్చ తెలుగు మాట తిట్లకీ, శాపనార్థాలకీ, పశువులకీ మిగిలింది. పెద్దవాళ్ల గురించి చచ్చిపోయారు అంటే చెంప పగులుతుంది. గ్రీకుల ముత్తాతలు సరిగ్గా ఈ పనే చేశారు. కాకపోతే వాళ్లది ఎంత పాత మర్యాదంటే, ఇలియడ్ పాడిన హోమర్ నాటికే ఆ ముసుగు మాట ముసుగని ఎవరికీ గుర్తు లేదు. అదే అసలు మాట అయిపోయింది, భయపెట్టడం కూడా మొదలుపెట్టింది.

ఈ చుట్టరికం నిజంగా కుదురుతుందా అని పట్టి చూసేవాళ్లకి రెండు మూడు చోట్ల ముడులున్నాయి.

మొదటిది ధకారం. మూలభాషలో ధ అయినది గ్రీకులో థ అవుతుంది. ధూమానికి థుమొస్, మధువుకి మెథు. కాబట్టి ధ్వాం, థన జోడీ సవ్యమే. రెండోది వకారం. సంస్కృతంలో ధ్వ ఉంది, గ్రీకులో వ ఏమైంది? గ్రీకులో వకారం చాలా తొందరగా రాలిపోయిన అక్షరం, థ తరవాత ఉంటే మరీను. గుమ్మానికి గ్రీకు మాట థురా, మన ద్వారానికి తోబుట్టువు. తలుపు తిరిగే ఇరుసుకి అదే కుటుంబంలో థయ్రొస్ అనే మాట ఉంది. అందులో థ తరవాత ఉండాల్సిన వ ఇలాగే జారిపోయింది. అయితే హోమర్ ఛందస్సులో రాలిపోయిన వకారాలు చాలాచోట్ల తమ బరువు వదిలి వెళ్తాయి, థనతొస్ ముందు అలాంటి బరువు కనిపించదు. అందుకని కొందరు పండితులు గ్రీకు మాటకి వకారం లేని ధాతువునే మూలంగా వేస్తారు, సంస్కృతానిది దాని పక్క రూపం అంటారు. మొత్తమ్మీద ధ్వాంతంతో జత కలపడమే ఎక్కువమంది ఒప్పుకునే మార్గం.

మూడో ముడి మరీ అందమైనది. థనతొస్ అంటే మృత్యువు. మర్త్యుడు మాత్రం థ్నేతొస్, దోరియన్ మాండలికంలో థ్నాతొస్. ఒకే ధాతువు, ఒకే ప్రత్యయం లాంటిది, అయినా ఒకచోట థన అని విచ్చుకుంది, ఇంకోచోట థ్నా అని ముడుచుకుంది. కారణం స్వరం. ఉదాత్తం ధాతువు మీద పడినప్పుడు నకారం చుట్టూ రెండు అచ్చులు పుట్టాయి, ఉదాత్తం చివరి ప్రత్యయం మీదికి పోయినప్పుడు ఒక దీర్ఘం మాత్రం మిగిలింది. ఇది ఏదో ఒక్క మాటకి కల్పించిన సాకు కాదు. శ్రమపడడం అనే అర్థంలో కమ్ అనే మరో ధాతువు ఉంది, మన శమ్‌కి చుట్టం. శ్రమకి కమతొస్, శ్రమించి చేసినదానికి క్మేతొస్, అలసిపోయి ఉన్నాను అనడానికి కెక్మేక. థనతొస్, థ్నేతొస్, తెథ్నేక (చనిపోయి ఉన్నాను) పక్కన పెట్టి చదివితే కవల పిల్లల్లా ఉంటాయి. హోమర్ చచ్చిపోయినవాళ్లని కమొంతెస్ అంటాడు, అంటే అలసిపోయినవాళ్లు. ఇదీ మర్యాదే.

తెథ్నేక అన్నాం కదా, దాని మొదటి అక్షరం థె కాకుండా తె ఎందుకైంది? ద్విత్వం చేస్తే రెండు ఒత్తు అక్షరాలు పక్కపక్కన వస్తాయి, నోరు ఒకదాని ఒత్తు తీసేస్తుంది. 1863లో హెర్మన్ గ్రాస్మన్ ఈ సంగతి గ్రీకుకీ సంస్కృతానికీ కలిపి సూత్రీకరించాడు. ఆయన గణితంలోనూ పెద్ద పేరున్నవాడు, ఋగ్వేదానికి నిఘంటువు కట్టినవాడు. మన వ్యాకరణ పాఠశాలల్లో చదివినవాళ్లు మాత్రం ఇందులో కొత్తేముంది అంటారు. "అభ్యాసే చర్చ" అని పాణిని ఎప్పుడో చెప్పి వదిలేశాడు, దధామి అంటాం గానీ ధధామి అనం.

పాణిని దగ్గరే ఇంకో వింత ఉంది. ధ్వన్ అంటే ఆయన ధాతుపాఠంలో మోగడం. ధ్వని, ధ్వనితం దాంట్లోంచే వచ్చాయి. మరి చీకటికీ మోతకీ ఏం సంబంధం? సంబంధం లేదని ఆయనకీ తెలుసు. అందుకే 7వ అధ్యాయం 2వ పాదంలో 18వ సూత్రంగా "క్షుబ్ధస్వాంతధ్వాంత" అని మొదలుపెట్టి, మనస్సు అనే అర్థంలో స్వాంతం, తమస్సు అనే అర్థంలో ధ్వాంతం నిపాతనాలు, ఇకారం రాదు అని విడిగా మినహాయింపు రాశాడు. మోగినది ధ్వనితం, చీకటి ధ్వాంతం. అవి మొదటినుంచీ రెండు వేర్వేరు ధాతువులని, కాలక్రమంలో ఒకే వేషంలోకి వచ్చాయని ఇప్పటి తులనాత్మక భాషాశాస్త్రం అంటుంది. గ్రీకు పక్కన పెట్టుకోకుండా, ఒక్క సంస్కృతమే చేతిలో ఉండి, అతుకు ఎక్కడుందో అంత కచ్చితంగా గుర్తుపట్టడం మామూలు విషయం కాదు.

దారి తప్పించే పోలికలు కూడా ఉన్నాయి. అన్నిటికంటే ముందు గుర్తొచ్చేది నిధనం. చావే అర్థం, ధన అనే అక్షరాలూ ఉన్నాయి, ఇంకేం కావాలి అనిపిస్తుంది. కానీ అది ని ఉపసర్గకి ధా ధాతువు చేరి వచ్చిన మాట. దించి పెట్టడం, ముగింపు అని దాని మొదటి అర్థం. సామగానంలో చివరి భాగానికి నిధనం అని పేరు, అక్కడ ఎవరూ చావరు. ఇంకో ఉచ్చు హన్ ధాతువు. చంపేదే కదా మృత్యువు, హననానికీ థనతొస్‌కీ ఎందుకు కలపకూడదు? కలపకూడదు. హన్‌లో హకారం పూర్వం ఘకారానికి పెదవుల వకారం అంటిన శబ్దం. ఘాతం, ఘ్నంతి అన్నప్పుడు ఆ ఘకారం బయటపడుతుంది. గ్రీకులో ఆ శబ్దం ఎకారం ముందు థ అవుతుంది, మిగతా చోట్ల ఫ అవుతుంది. అందుకే కొట్టడానికి థెయ్నో, హత్యకి ఫొనొస్, మన హతకి సాటిగా సమాసాల్లో ఫతొస్. ఆ లెక్కన థనతొస్ ఆ ఇంటిదే అయితే ఫనతొస్ అని ఉండాలి. లేదు.

ఇక మృత్యుదేవుడిగా థనతొస్ ఇంటివాళ్లు. గ్రీకు కవి హెసియొద్ చెప్పిన దేవతల వంశావళిలో థనతొస్ తల్లి నుక్స్, రాత్రి. తండ్రి లేకుండా కన్న పిల్లల్లో ఇతనొకడు. తమ్ముడో అన్నో, హోమర్ మాటల్లో అయితే కవల, హుప్నొస్, నిద్ర. ఆ ఇంట్లో మరో పెద్ద ఎరెబొస్, పాతాళపు చీకటి. ఒక్కొక్కరినీ సంస్కృతం పక్కన నిలబెట్టండి: నుక్స్‌కి నక్తం, హుప్నొస్‌కి స్వప్నం, ఎరెబొస్‌కి రజస్సు, థనతొస్‌కి ధ్వాంతం. హుప్నొస్, స్వప్నం ఒకటెలా అవుతాయని సందేహం వస్తే, మాట మొదట్లో సకారం గ్రీకులో హకారం అవుతుందని గుర్తుంచుకుంటే చాలు, సప్తకి హెప్త. ఇల్లంతా మనకి తెలిసినవాళ్లే. ఒక్క తేడా ఏమిటంటే మన దగ్గర నిద్రకి, చీకటికి, మృత్యువుకి ఈ పేర్లతో చుట్టరికం కట్టిన పురాణం లేదు. థనతొస్ గుండె ఇనుముది, మనసు జాలి లేని కంచు, ఒకసారి పట్టుకున్న మనిషిని వదలడు అని హెసియొద్ చెబుతాడు. హుప్నొస్ మాత్రం మనుషుల పట్ల మెత్తనివాడు.

పద్యంలో ఈ పేరు ఎలా కూర్చుంటుందో కూడా చూడాలి, గణాలు కట్టడం తెలిసినవాళ్లకి అది వేరే సరదా. హోమర్ పాదానికి ఆరు గణాలు. ఒక్కోటి భగణం కావాలి, లేదా రెండు గురువులు. వరసగా మూడు లఘువులు అసలు ఇమడవు. థనతొస్ తరవాత హల్లుతో మొదలయ్యే మాట వస్తే చివరిది గురువై సగణం అవుతుంది, ముందున్న గురువుతో కలిసి సర్దుకుంటుంది. ఇలియడ్ 5వ సర్గలో హుప్సెనొర్ అనే పూజారి చెయ్యి కత్తివేటుకి తెగి నేలమీద పడుతుంది. ఆ వెంటనే వచ్చే పాదం:

ఎల్లబె పొర్ఫురెఒస్ థనతొస్ కయ్ మొయ్ర క్రతయే.

ఎల్లబె భగణం. పొర్ఫురె భగణం. ఒస్ థన భగణం. తొస్ కయ్ రెండు గురువులు. మొయ్ర క్ర భగణం. తయే రెండు గురువులు. ఊదారంగు మృత్యువూ బలమైన విధీ అతన్ని పట్టుకున్నాయి అని అర్థం. ఐదో గణంలో క్ర సంయుక్తం ముందున్న ర మన లెక్కలో గురువు కావాలి, ఇక్కడ తేల్చి పలికి లఘువు చేశారు. మన కవులు కూడా కొన్నిచోట్ల రేఫ సంయుక్తానికి ముందు ఇలాంటి వెసులుబాటు తీసుకున్నారు కాబట్టి తప్పుపట్టక్కర్లేదు. ఇబ్బంది అసలు అథనతొస్ దగ్గర వస్తుంది. చావులేనివాడు, అమరుడు. అ, థ, న మూడూ లఘువులే. దేవతల గురించి పాడాల్సిన కావ్యంలో దేవతలకి పెట్టిన విశేషణమే ఛందస్సులో పట్టదు! గాయకులు మొదటి అకారాన్ని దీర్ఘం చేసి ఆథనతొస్ అని పాడేశారు, భగణం అయిపోయింది. తరవాతి కవులందరూ అదే పట్టుకున్నారు.

పై పాదంలో థనతొస్ వట్టి చావా, లేక మృత్యుదేవుడా? పట్టుకున్నాడు అంటే మనిషిలా ఉంది. ఇప్పటి అచ్చు పుస్తకాల్లో సంపాదకులు పెద్దక్షరం పెడితే దేవుడు, చిన్నక్షరం పెడితే చావు. ప్రాచీన ప్రతుల్లో ఆ తేడా లేదు, అన్నీ ఒకే ఎత్తు. ఆ గీత ఎక్కడ గీయాలన్నది చదివేవాడి ఇష్టం. తెలుగు లిపికి ఆ బెడదే లేదు. హోమర్ థనతొస్‌ని తిరుగులేకుండా మనిషిగా చూపించేది ఒక్క సందర్భంలో, 16వ సర్గలో. జ్యూస్ కొడుకు సర్పెదొన్ యుద్ధంలో కూలితే, శవాన్ని సొంత దేశం లుకియాకి చేర్చమని కవలలు ఇద్దరినీ పంపుతారు.

ఆ ఘట్టాన్ని ఎవ్‌ఫ్రోనియొస్ అనే చిత్రకారుడు క్రీస్తుపూర్వం 515 ప్రాంతంలో ఒక పెద్ద కుండ మీద గీశాడు. ద్రాక్షసారాయిలో నీళ్లు కలిపే క్రతెర్ అది, 45 లీటర్లు పడుతుంది. మధ్యలో సర్పెదొన్ నగ్నదేహం, మూడు గాయాల్లోంచి నెత్తురు ధారలు కట్టి కారుతోంది. వెనక దేవతల దూత హెర్మెస్ నిలబడి చూస్తున్నాడు. ఎడమవైపు హుప్నొస్ కాళ్ల దగ్గర వంగాడు, కుడివైపు థనతొస్ చెయ్యి ఎత్తి పట్టుకున్నాడు. ఇద్దరికీ రెక్కలు, ఇద్దరికీ గడ్డాలు, ఒంటిమీద కవచాలు. ఎవరు నిద్ర, ఎవరు చావు అని మొహం చూసి చెప్పలేం. పక్కన పేర్లు రాసి ఉండబట్టి తెలుస్తోంది. ఈ కుండని 1971 చివర్లో ఇటలీలో చెర్వెతెరి దగ్గర సమాధుల్లోంచి దొంగతనంగా తవ్వి తీశారు. 1972లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం పది లక్షల డాలర్లకి కొంది. చాలా ఏళ్ల వివాదం తరవాత 2008లో ఇటలీకి తిరిగొచ్చింది, ఇప్పుడు చెర్వెతెరిలోనే ఉంది. కొన్ని దశాబ్దాలు పోయాక తెల్లపూత లెకుథొస్‌ల మీద, అంటే సమాధుల దగ్గర పెట్టే నూనె కూజాల మీద, ఇద్దరికీ తేడా వచ్చింది. నిద్ర కుర్రవాడు, మృత్యువు గడ్డం మాసిన పెద్దమనిషి. ఆ కూజాల్లో కొన్నిటి చిత్రకారుడి పేరు తెలియక, పరిశోధకులు అతనికి థనతొస్ చిత్రకారుడు అనే పేరు పెట్టేశారు. మన దగ్గర కాలండర్లలో కనిపించే అస్థిపంజరం, కొడవలి మాత్రం గ్రీకులవి కావు, ఐరోపా మధ్యయుగాలవి. 1769లో జర్మన్ రచయిత లెస్సింగ్ ఈ విషయం మీదే ఒక వ్యాసం రాసి, ప్రాచీనులు చావుని నిద్రకి తోబుట్టువుగా గీశారు తప్ప ఎముకల గూడుగా కాదని వాదించాడు.

మగవాడే ఎందుకయ్యాడు అంటే, మాట పుంలింగం కాబట్టి. లాటిన్ మొర్స్ స్త్రీలింగం. మన మృత్యువు సంస్కృతంలో రెండు విధాలా నడుస్తుంది. మహాభారతం శాంతిపర్వంలో మృత్యువు స్త్రీ. ప్రాణుల్ని చంపమని బ్రహ్మ ఆజ్ఞాపిస్తే ఏడుస్తుంది, ఆ కన్నీళ్లే రోగాలు అవుతాయి. థనతొస్ ఏడ్చే రకం కాదు. నాటకకర్త ఎస్ఖులొస్ రాసి, ఇప్పుడు దొరకని నాటకం ఒకదానిలోంచి మిగిలిన ముక్కలో, దేవుళ్లందరిలోకీ థనతొస్ ఒక్కడే కానుకలు ఆశించడు అని ఉంది. బలులు పనిచెయ్యవు, బలిపీఠం లేదు, స్తోత్రం లేదు. అయినా స్పార్టాలో నిద్ర, మృత్యువు విగ్రహాలు పక్కపక్కన ఉండేవని గ్రీకు యాత్రికుడు పౌసానియస్ రాసి పెట్టాడు.

యూరిపిదెస్ క్రీస్తుపూర్వం 438లో ఆడించిన అల్కెస్తిస్ నాటకంలో థనతొస్ రంగం మీదికే వస్తాడు. భర్త బదులు ప్రాణం ఇవ్వడానికి ఒప్పుకున్న భార్య కోసం, చేతిలో కత్తితో. ఆ కత్తి పొడవడానికి కాదు, జుట్టు ఒక పాయ కోయడానికి. ఆ పాయ కోస్తే మనిషి పాతాళ దేవతలకి అంకితం అయినట్టు. చివరికి వీరుడు హెరక్లెస్ సమాధి దగ్గర కాపు కాసి, నల్లబట్టల మృత్యువుని కౌగిట పట్టి, ఆమెని విడిపించుకొస్తాడు. మనకి సావిత్రి కథ గుర్తు రాక తప్పదు, కానీ అక్కడ మాటలతో జరిగిన పని ఇక్కడ కుస్తీతో జరుగుతుంది, ఇంటాయన మాత్రం ఇంట్లో ఏడుస్తూ కూర్చుంటాడు. ఈ విషయంలో మన కథ నయం.

తెలుగునాట గ్రీకు నేర్చుకున్నవాళ్లు చాలామంది క్రైస్తవ వేదాంత కళాశాలల్లో కొత్త నిబంధన కోసం నేర్చుకున్నవాళ్లే. వాళ్ల నోటుపుస్తకాల్లో ఈ మాట విభక్తులు ఇలా ఉంటాయి: థనతొస్, థనతూ, థనతోయ్, థనతొన్, సంబోధనలో థనతె. చివరి అచ్చు దీర్ఘమైతే స్వరం మొదటి అక్షరం నుంచి రెండోదానికి దిగాలి, ఎక్కువమంది తప్పు పెట్టేది అక్కడే. ఆ సంబోధనే తెలుగు క్రైస్తవుల భూస్థాపనల్లో ఇప్పటికీ వినిపిస్తుంది: "ఓ మరణమా, నీ విజయమెక్కడ? ఓ మరణమా, నీ ముల్లెక్కడ?" కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 15వ అధ్యాయం. ప్రకటన గ్రంథం 6వ అధ్యాయంలో పాండుర వర్ణం గుర్రం మీద వచ్చేవాడి పేరు కూడా ఇదే మాట, అక్కడ మాత్రం తెలుగులో మృత్యువు అని వేశారు. అదే వచనంలో ఖడ్గంవల్ల, కరవువల్ల, మరణంవల్ల చంపడానికి అధికారం ఇచ్చారని ఉంటుంది. మరణంతో చంపడమేమిటి? హెబ్రీ గ్రంథాల్ని అలెగ్జాండ్రియాలో గ్రీకులోకి తెచ్చినప్పుడు తెగులు అనే మాటకి చాలాచోట్ల థనతొస్ అని వాడారు. అదే వాడుక ఇక్కడ దిగింది. ఖడ్గం, కరవు, మహమ్మారి అని చదువుకుంటే సరిపోతుంది. నేటి గ్రీకులో కూడా థనతికొ అంటే మహమ్మారి.

తరవాతి పిల్లలు చాలామందే ఉన్నారు. సుఖమరణం అనే అర్థంలో గ్రీకులు అన్న ఎవ్‌థనసియాని రోమన్ చక్రవర్తి ఆగస్టస్ తనకి కావాలని కోరుకునేవాడట. 1605లో ఫ్రాన్సిస్ బేకన్ దాన్ని వైద్యుల బాధ్యతల్లోకి తెచ్చాడు. 2018 మార్చి 9న మన సుప్రీంకోర్టు తీర్పు వచ్చినప్పుడు తెలుగు పత్రికలు కారుణ్య మరణం అని వేసింది దీన్నే. చావు గురించిన శాస్త్రానికి థానటాలజీ అనే పేరు 1903లో జీవశాస్త్రవేత్త మెచ్నికోవ్ పెట్టాడు. ఫ్రాయిడ్ ఈ పేరుతో సిద్ధాంతం చేశాడని చాలామంది రాస్తారు, అది సరి కాదు. 1920లో ఆయన రాసింది జర్మన్‌లో మరణప్రవృత్తి అని మాత్రమే. థనతొస్ అనే పేరు తన రచనల్లో వాడలేదు, స్టెకెల్, ఫెడెర్న్ లాంటి శిష్యులు అంటించారు.

ఇక కామిక్స్‌లో 1973లో పుట్టిన ఊదారంగు రాక్షసుడు థానోస్. సృష్టించినవాడు థనతొస్‌ని మనసులో పెట్టుకునే ఆ పేరు పెట్టాడు. గ్రీసులో మాత్రం థానొస్ అంటే పక్కింటి అబ్బాయి పేరు. అథనసియొస్‌కి ముద్దుపేరు, అంటే అమరుడు, మన అమరయ్య. ముందున్న అ రాలిపోయేసరికి అర్థం తలకిందులైంది, కానీ పిలిచేవాళ్లెవరికీ ఆ సంగతి తట్టదు. అథనసియా అనే మాటే లాటిన్ మీదుగా ఫ్రెంచికి వెళ్లి, నలిగి నలిగి, ఇంగ్లీషులో టాన్సీ అనే పసుపు పూల మొక్క పేరు అయింది.

గ్రీసులో ఈ రోజు థనతొస్ దేవుడు కాదు, ఆసుపత్రి కాగితం మీద, వార్తల్లో వచ్చే మామూలు మాట. దేవుడి ఉద్యోగం చాలాకాలం కిందటే ఖారొస్‌కి పోయింది. పూర్వం పాతాళ నదిలో పడవ నడిపిన ఖారోన్ ఇతనే. జానపద గీతాల్లో వీరుడు దిగెనిస్ పాలరాతి కళ్లం మీద ఖారొస్‌తో కుస్తీ పడతాడు. హెరక్లెస్ గెలిచాడు గానీ దిగెనిస్ ఓడిపోతాడు. క్రియ మాత్రం పాతదే. చనిపోయాడు అనడానికి ప్రాచీనులు అపెథనె అన్నారు, ముందున్న అ రాలి ఇప్పుడు పెథనె అయింది. కానీ ఊళ్లో ఎవరైనా పెద్దాయన పోతే అదీ అనరు, నోటికి మొరటుగా తగులుతుంది. ఎఫియె అంటారు, అంటే వెళ్లిపోయారు.